యూరప్‌కి సముద్రం చేప పంపాలంటే క్యాచ్ సర్టిఫికెట్ ఎలా చేయించుకోవాలి, జెట్టీ దగ్గర్నుంచి వరసగా

అమెరికా వాడు 2025 ఆగస్టులో సుంకం 50 శాతానికి లేపిన దగ్గర్నుంచీ మా లైన్లో ఎవర్ని కదిపినా యూరప్ మాటే. ఇన్నేళ్ళూ చెరువు రొయ్య తప్ప ఇంకోటి ముట్టుకోనివాళ్ళు కూడా స్క్విడ్ చేద్దామా, దాని చుట్టం కటిల్‌ఫిష్ చేద్దామా, ట్యూనాకి స్పెయిన్‌లో రేటెంత అని అడుగుతున్నారు. చెయ్యండి, వద్దనను. కాకపోతే చెరువు సరుక్కీ సముద్రం సరుక్కీ కాగితాల్లో చాలా తేడా ఉంది, అది తెలీక మొదటి కంటైనర్ దగ్గరే దెబ్బతిన్నవాళ్ళని చూశాను, నేనూ తిన్నాను, ఆ సంగతి కింద చెప్తా. విశాఖలో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంట్లు చేసుకుని బతికే మనిషిని, కన్సల్టెంట్‌ని కాదు, కాబట్టి రూలు పుస్తకం లాగా కాకుండా పని ఏ వరసలో జరుగుతుందో ఆ వరసలోనే రాస్తున్నా.

ముందు ఒక్క ముక్కలో ఇదంతా ఎందుకో. దొంగవేట, లెక్క చెప్పని వేట, ఏ రూలుకీ లొంగని వేట, ఈ మూడూ కలిపి ఐయూయూ అంటారు. అలాంటి చేప తమ మార్కెట్లోకి రాకూడదని ఈయూ, అంటే యూరోపియన్ యూనియన్, 2008లో 1005 నంబరు రెగ్యులేషన్ చేసింది, 2010 జనవరి 1 నుంచి అమలు. దాని ప్రకారం సముద్రంలో పట్టిన ప్రతి సరుకుతోపాటు, ఈ చేపని ఫలానా బోటు ఫలానా తేదీల్లో ఫలానా చోట రూలు ప్రకారమే పట్టింది అని ఆ బోటు ఏ దేశం జెండా కింద తిరుగుతుందో ఆ దేశ ప్రభుత్వం ధ్రువీకరించిన కాగితం వెళ్ళాలి. అదే క్యాచ్ సర్టిఫికెట్. మన దేశంలో ఆ ముద్ర వేసేది ఎంపెడా, అంటే సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ.

ఈయూ వాళ్ళకి అనుమానం వస్తే మీ కంపెనీతో ఆగరు, దేశం మొత్తానికి కార్డు చూపిస్తారు, ఫుట్‌బాల్లో లాగే, ముందు పసుపు తర్వాత ఎరుపు. పక్కనే ఉన్న శ్రీలంకకి 2014 అక్టోబర్లో రెడ్ కార్డు ప్రకటించారు, 2015 జనవరి నుంచి వాళ్ళ బోట్ల చేప యూరప్‌లో దిగలేదు, మళ్ళీ తలుపు తెరుచుకుంది 2016 జూన్‌లో. థాయిలాండ్‌కి 2015లో ఎల్లో వచ్చి 2019లో పోయింది, వియత్నాంకి 2017లో వచ్చింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, "ఏదో ఒక బోటు నంబరు వేసెయ్యి బాసూ" అనే బేరం మీ ఆఫీసులో కూడా వస్తుంది, వచ్చినప్పుడు శ్రీలంక గుర్తుండాలి.

మొదట: మీ సరుక్కి ఇది కావాలా వద్దా తేల్చుకోండి

హేచరీ పిల్లతో చెరువులో పెంచిన వనామీ, టైగర్ రొయ్యలకి క్యాచ్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మంచినీటి చేపకీ అక్కర్లేదు, ఆల్చిప్పల్లాంటి కొన్నిటికీ వద్దు. (చెరువు రొయ్యకి యూరప్‌లో యాంటీబయాటిక్ గొడవ వేరే ఉంది, 2016 నుంచి మన కన్‌సైన్‌మెంట్లలో సగానికి శాంపిల్ తీస్తున్నారు, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.) సముద్రంలో పట్టిన రొయ్య, స్క్విడ్, కటిల్, వంజరం, చందువా, ట్యూనా, పీత, వీటన్నిటికీ కావాలి.

మోసం ఎక్కడుందంటే టైగర్ రొయ్యలో. చెరువు టైగరూ సముద్రం టైగరూ జాతి ఒకటే, కోడ్ ఒకటే, తల తీసి గడ్డకట్టించి బ్లాక్ చేసేశాక మీకూ తెలీదు నాకూ తెలీదు. రెండూ ఒకే ప్లాంటులో చేస్తుంటే లాట్లు మొదటి రోజునుంచే విడివిడిగా పెట్టండి, ట్రేల రంగు మార్చండి, అంతే, తర్వాత విడదీద్దాం అనుకుంటే అవ్వదు.

ప్లాంటు నంబరు

సరుకు చేసే యూనిట్ ఈయూ లిస్టులో ఉండాలి, అది ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ వాళ్ళ పని, ఎంపెడాది కాదు. 2025 సెప్టెంబర్లో ఒక్కసారే 102 ఇండియన్ యూనిట్లని కొత్తగా చేర్చారు, అందులో మీది ఉందో లేదో చూసుకోండి. హెల్త్ సర్టిఫికెట్ కూడా వాళ్ళే ఇస్తారు. కొత్తవాళ్ళు ఈ రెండిట్నీ కలిపేసుకుంటారు. హెల్త్ సర్టిఫికెట్ చెప్పేది ఈ చేప తినొచ్చు అని, క్యాచ్ సర్టిఫికెట్ చెప్పేది ఈ చేపని పట్టొచ్చు అని. రెండూ ఉండాలి, రెండిట్లో బరువులు కలవాలి.

బోటు కాగితాలు కొనకముందే చూడాలి, కొన్నాక కాదు

మన బోట్ల మీద పెయింటుతో రాసి ఉండే నంబరు చూశారుగా, ఐఎన్‌డీ, ఏపీ, తర్వాత జిల్లా కోడ్, తర్వాత ఎంఎం అంటే మెకనైజ్డ్, ఎంఓ అంటే ఇంజను తగిలించిన మోటరైజ్డ్ బోటు, ఆపైన అంకెలు. ఈ నంబరూ లైసెన్సులో నంబరూ ఒకటేనా, లైసెన్సు తేదీ ఇంకా బతికుందా, పేరు ఎవరి మీద ఉంది, ఈ మూడూ చూడండి. బోటు చేతులు మారి ఏడాదైనా కాగితం పాత ఓనరు పేరు మీదే ఉండటం మన దగ్గర మామూలే. రిజిస్ట్రేషన్లన్నీ రియల్‌క్రాఫ్ట్ అనే పోర్టల్లో ఉంటాయి, ఓనర్ని అడిగితే ఫోన్లోనే తీసి చూపిస్తాడు, ఫొటో కొట్టుకోండి.

ఇంకోటి కొత్తగా వచ్చింది. 2025 నవంబర్లో కేంద్రం ఈఈజెడ్ (మన దేశానికి వేట హక్కున్న సముద్రం) రూల్స్ ఇచ్చింది, వాటి ప్రకారం 12 నాటికల్ మైళ్ళు దాటి వేటకెళ్ళే మెకనైజ్డ్ బోట్లకి యాక్సెస్ పాస్ ఉండాలి, అదీ ఆ పోర్టల్లోనే, ఫీజు లేదు. తెప్పలకీ చిన్న ఫైబర్ బోట్లకీ అక్కర్లేదు. ఎల్‌ఈడీ లైట్లేసి పట్టడం, రెండు బోట్లు కలిసి ఒకే వల లాగడం నిషేధం, ఆ సరుకు ఎంత చవగ్గా ఇస్తానన్నా యూరప్ లాట్లో వెయ్యొద్దు.

జెట్టీ మీద నోటుబుక్: అసలు పనంతా ఇక్కడే

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. నా అనుభవంలో సర్టిఫికెట్లు ఆగిపోయేది ఆఫీసులో చేసిన తప్పు వల్ల కాదు, తెల్లారుజామున నాలుగింటికి హార్బర్‌లో రాయని రెండు లైన్ల వల్ల.

బోటు దిగుతుంది, వేలం అవుతుంది, మీ కొనుగోలు కుర్రాడు మూడు బోట్లలో స్క్విడ్ కొని ఒకే ఐస్ బాక్సులో పోసి వ్యాన్ ఎక్కిస్తాడు. అంతే, అక్కడితో అయిపోయింది. ఇంక ఆ బాక్సులో ఏ చేప ఏ బోటుదో దేవుడు కూడా చెప్పలేడు. కాబట్టి కుర్రాడి చేతిలో ఒక నోటుబుక్, తడిసినా చెరగని పెన్ను, ఇంకా బాక్సుకి కట్టే ట్యాగు ఉండాలి. రాయాల్సింది ఇంతే: బోటు పేరు, నంబరు, వేటకి బయల్దేరిన తేదీ, దిగిన తేదీ, ఏ వల, సుమారుగా ఏ వైపు వెళ్ళారు, ఏ జాతి ఎన్ని కిలోలు, సరంగు (బోటు నడిపే పెద్ద) పేరు, సరంగు సంతకం. సంతకం రాకపోతే వేలిముద్ర.

మొదటిసారి అడిగినప్పుడు ఒక పెద్ద సరంగు నన్ను ఎగాదిగా చూసి "ఏటి బాబూ, ఇప్పుడు చేపకి కూడా ఆధార్ కార్డా" అన్నాడు. నవ్వొచ్చింది కానీ నిజంగా అంతే మరి. ఆయనకి సర్టిఫికెట్ గురించి లెక్చర్ ఇస్తే వినడు, వోయేజ్ మీద వోయేజ్ చేసి నిద్ర లేకుండా వచ్చిన మనిషి, అందుకే నేను ఒక పద్ధతి పెట్టుకున్నా, సంతకం పెట్టిన బోటుకి డబ్బులు ముందు, లేనివాళ్ళకి సాయంత్రం. వారంలో అందరూ అలవాటు పడ్డారు.

ఎంపెడా తరఫున నెట్‌ఫిష్ వాళ్ళు హార్బర్లలో ఏ బోటు ఎప్పుడు దిగిందో ఏం తెచ్చిందో డేటా రాసుకుంటారు, మీ అప్లికేషన్‌ని చూసేటప్పుడు దాంతో పోల్చి చూడొచ్చు. కాబట్టి వాళ్ళ పుస్తకంలో లేని బోటు మీ కాగితంలో ప్రత్యక్షమైతే అడుగుతారు, అడగాలి కూడా. ఆ కుర్రాళ్ళతో పరిచయం పెట్టుకోండి, బోటు దిగగానే చెప్పండి.

ఏ వైపు వెళ్ళారు అన్నదానికి ఒక అంకె ఉంటుంది. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ వాళ్ళు ప్రపంచ సముద్రాలకి నంబర్లిచ్చారు, మన బంగాళాఖాతం 57, అరేబియా సముద్రం 51. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం సరుకైతే 57. సీజన్లో సరుకు చాలక కొచ్చి నుంచో గుజరాత్‌లోని వెరావల్ నుంచో లారీలో తెప్పిస్తారు చూడండి, అది 51, దానికి అక్కడి బోట్ల కాగితాలే రావాలి. పాత ఫారం కాపీ పేస్ట్ చేసి 57 అలాగే వదిలేసిన అప్లికేషన్లు నేనే ఎన్నో దిద్దాను.

వెరావల్ అంటే గుర్తొచ్చింది, మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు ఎంతమంది అక్కడ కళాసీలుగా పనిచేస్తారో మీకు తెలుసు. వాళ్ళలో కొందర్ని 2018 నవంబర్లో సరిహద్దు దాటారని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుంటే 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు, అక్కడ వలలో పడ్డ చేప సంగతి అటుంచి మనుషులే ఏడాదికి పైగా జైల్లో ఉన్నారు. ఇంకో దేశం నీళ్ళలో పర్మిషన్ లేకుండా పట్టడం ఐయూయూలో మొదటి రకం. బోటు ఎక్కడుందో చెప్పే, ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు లక్ష బోట్లకి ఉచితంగా బిగించే స్కీము నడుస్తోంది, అది ఉన్న బోటు సరుకు కొంటే మీకూ నిశ్చింత, వాళ్ళకీ.

నిషేధం తేదీలు, నేను దెబ్బతిన్న చోటు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లు కదలకూడదు. ఇది అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఒక ఏడాది ఏప్రిల్ 12న దిగిన బోటు దగ్గర స్క్విడ్ కొన్నాం, ప్లాంటులో పని ఎక్కువై అది ప్యాక్ అయ్యేసరికి 18 అయింది, లాట్ కార్డు మీద రాసే అమ్మాయి తేదీ గడిలో 18 వేసింది, నేను దాన్ని చూసి ఫారంలో ల్యాండింగ్ తేదీ అని 18 ఎక్కించేశాను. ఎవరూ పట్టుకోలేదు. సర్టిఫికెట్ వచ్చింది, కంటైనర్ వెళ్ళింది, అక్కడ పోర్టులో ఆఫీసర్ పట్టుకున్నాడు. మీ దేశంలో ఆ తీరాన ట్రాలర్లు 15 నుంచి బంద్ కదా, 18న ఈ బోటు ఎలా దిగింది అని. ఎక్కడో యూరప్‌లో కూర్చున్న మనిషికి మన వేట నిషేధం తేదీ నాకంటే బాగా గుర్తుంది!

నోటుబుక్ వెతికితే ఆ పేజీ తడిసి ముద్దయింది. చివరికి కాపాడింది ఏంటో తెలుసా, ఐస్ ఫ్యాక్టరీ చీటీ. బోటు 3వ తేదీన ఐసు ఎక్కించుకున్నట్టు ఓనరు దగ్గర చీటీ ఉంది, వేలం చీటీ మీద 12 ఉంది. ఆ రెండూ స్కాన్ చేసి ఇస్తే ఒప్పుకున్నారు, ఈలోపు కంటైనర్ కరెంటు ఖర్చు, పోర్టు అద్దె అంతా మా నెత్తిన. అప్పట్నుంచి నా ఫారంలో మూడు తేదీలకి మూడు రంగులు: పట్టిన రోజులు నీలం, దిగిన రోజు ఎరుపు, ప్యాక్ చేసిన రోజు ఆకుపచ్చ. నోటుబుక్ పేజీకి ఆ పూటే ఫోన్లో ఫొటో.

బరువు లెక్క

ఇది బ్యాంకు పాస్‌బుక్ లాంటిది. ఒక బోటు దగ్గర 1,200 కిలోల స్క్విడ్ కొన్నారు అనుకుందాం. శుభ్రం చేస్తే తల, పేగు, తోలు పోయి 700 మిగిలింది. అందులో 400 మొదటి కంటైనర్లో వెళ్ళింది. ఇంక ఆ బోటు ఆ ట్రిప్పు మీద మీరు పంపగలిగేది 300 మాత్రమే, అదే ల్యాండింగ్‌ని రెండో సర్టిఫికెట్లో మళ్ళీ 1,200గా చూపిస్తే చేపలు పిల్లలు పెట్టినట్టే. ప్రతి బోటు ట్రిప్పుకీ ఒక ఎక్సెల్ లైను, వచ్చింది, అయ్యింది, మిగిలింది. సర్టిఫికెట్లో పచ్చి బరువు ఒక గడి, తూచిన బరువు ఒక గడి, ఎగుమతి చేసే బరువు ఇంకో గడి ఉంటాయి, ఒకదాని అంకె ఇంకోదాంట్లో వెయ్యకండి.

అప్లికేషన్

ఎంపెడాకి ఆన్‌లైన్‌లో పెట్టాలి. పెద్ద బోటైతే బోటుకి ఒక సర్టిఫికెట్, సరంగు సంతకంతో. కానీ మన దగ్గర ఒక కంటైనర్ నిండాలంటే ముప్పై నలభై బోట్లు కలవాలి, అందుకే సింప్లిఫైడ్ సర్టిఫికెట్ అని ఒకటి ఉంది, చిన్న బోట్లన్నీ కలిపి ఒకే కాగితం, వెనక బోట్ల లిస్టు, ఏ బోటు నుంచి ఎంతో. ఎవరు చిన్న అంటే: వల లాగని బోటు 12 మీటర్ల లోపు, లాగే బోటు 8 మీటర్ల లోపు, లేదా పైన క్యాబిన్ లాంటి కట్టుబడి లేనిది, లేదా గ్రాస్ టన్నేజీ (బోటు లోపలి పరిమాణం కొలత) 20 లోపు. వీటిలో ఏ ఒక్కటి సరిపోయినా చాలు. మన సోనా బోట్లు ట్రాల్ వల లాగుతాయి, పొడవు 8 మీటర్లు దాటేస్తాయి, కాబట్టి పొడవు చూసి రావు అనుకోకండి, రిజిస్ట్రేషన్‌లో టన్నేజీ ఎంతుందో చూడండి, 20 లోపుంటే వస్తాయి. సంతకం ఎక్స్‌పోర్టరుగా మీదే, అంటే ముప్పై బోట్ల మాట మీరు ఒక్కరే ఇస్తున్నారు.

2026 జనవరి 10 నుంచి ఈయూ క్యాచ్ అనే కంప్యూటర్ సిస్టమ్ తప్పనిసరి చేసింది. మీరు అందులో పని చెయ్యకపోయినా అక్కడి దిగుమతిదారు ప్రతి గడీ అందులో నింపాలి, కొత్త ఫారంలో వల రకం కూడా అడుగుతున్నారు. ఇంతకుముందు స్కాన్ కాపీలో గజిబిజిగా రాసింది ఎవరో ఒకరు సర్దుకునేవారు, ఇప్పుడు బోటు నంబర్లో ఒక అంకె తేడా ఉన్నా కనపడిపోతుంది. కాబట్టి పీడీఎఫ్ ఒక్కటే పంపకుండా బోట్ల లిస్టు ఎక్సెల్‌లో కూడా బయ్యర్‌కి పంపండి. ఓడలో వెళ్ళే సరుకైతే చేరడానికి కనీసం 3 పని దినాల ముందు వాళ్ళు సబ్మిట్ చెయ్యాలి, పని దినాలు అంటే శని ఆదివారాలు కాదు, క్రిస్మస్ వారం అసలు కాదు.

వేరే దేశం బోటు పట్టిన చేపని ఇక్కడికి దిగుమతి చేసుకుని కోసి ప్యాక్ చేసి పంపేవాళ్ళకైతే ఆ దేశం ఇచ్చిన క్యాచ్ సర్టిఫికెట్, దానికి తోడు మన ప్లాంటు ప్రాసెసింగ్ స్టేట్‌మెంట్ ఉండాలి. మీరు అది చెయ్యకపోతే ఈ పేరా మర్చిపోండి.

అమెరికా, జపాన్ సంగతి క్లుప్తంగా

యూరప్ కాగితం ఉంది కదా అని అదే అమెరికాకి పనికొస్తుందనుకోకండి. వాళ్ళది సిమ్ప్ అని వేరే పద్ధతి, ప్రభుత్వ సర్టిఫికెట్ అడగరు, అక్కడి దిగుమతిదారు నుంచే వేట వివరాలు అడుగుతారు, తమాషా ఏంటంటే అందులో చెరువు రొయ్య కూడా ఉంది, 2018 డిసెంబర్ 31 నుంచి. అందుకే మీ చెరువు పేరు, పట్టుబడి తేదీ బయ్యర్ అడుగుతుంటాడు. మన సముద్రం రొయ్యని మాత్రం 2019 నుంచి అస్సలు రానివ్వట్లేదు, ట్రాల్ వలకి తాబేలు తప్పించుకునే చట్రం లేదని. ఈ గొడవ పాతదే, 1990ల్లో మన దేశం థాయిలాండ్, మలేషియా, పాకిస్తాన్‌తో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీఓ దాకా వెళ్ళింది. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు చచ్చి కొట్టుకురావడం విశాఖ బీచ్‌లో చూసినవాణ్ణి, వాళ్ళ మాటలో అసలు న్యాయం లేదని నేననను, చట్రం పెడితే చేప కూడా జారిపోతుందని బోటువాళ్ళు పడే భయమూ అబద్ధం కాదు. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో డాల్ఫిన్లు, తిమింగలాల రక్షణ రూలు కూడా అమల్లోకొచ్చింది, మీ సరుకు పట్టే వల ఏ లిస్టులో ఉందో ఆర్డరు తీసుకునే ముందే బయ్యర్‌తో మాట్లాడుకోండి.

జపాన్ 2022 డిసెంబర్ నుంచి స్క్విడ్ లాంటి కొన్ని జాతులకి ఇలాంటి కాగితమే అడుగుతోంది.

వెరిఫికేషన్ ఉత్తరం వస్తే

ఒక్కోసారి అంతా సరిగ్గా చేసినా అక్కడి ఆఫీసర్‌కి అనుమానం వచ్చి ఎంపెడాకి రాస్తాడు, జవాబుకి 15 రోజులు, ఇంకో 15 పొడిగించొచ్చు, అప్పటిదాకా సరుకు బయటికి రాదు. ఎంపెడా నుంచి మీకు ఫోన్ వస్తుంది. కంగారుపడి కొత్త కాగితాలు తయారుచెయ్యకండి, అదే పెద్ద తప్పు, ఉన్నవి ఉన్నట్టు ఇవ్వండి, తప్పు జరిగితే ఇక్కడ తప్పు రాశాం, అసలు ఇది, రుజువు ఇదిగో అని చెప్పండి. నా దగ్గర ఒక్కో సర్టిఫికెట్‌కి ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది, లోపల నోటుబుక్ పేజీ ఫొటో ప్రింటు, వేలం చీటీ, లైసెన్సు కాపీ, లాట్ కార్డు, వ్యాన్ వే బిల్లు, ఎక్సెల్ లైను, ఇప్పుడు ఐస్ చీటీ కూడా. మూడేళ్ళు పారెయ్యను. బీరువా చాలట్లేదని మా ఓనరు గొణుగుతూ ఉంటాడు, పోయిన నెలలో ఇంకో బీరువా కొనిపించాను.